బజారుకు దారి చూపే ఊరు

జుమా నమాజు అయ్యాక మా దగ్గరకు వచ్చేవారిలో కొందరు మసాయిల్ అడగడానికి వస్తారు, కొందరు కాగితాలు చదివించుకోవడానికి వస్తారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకో, అల్లుడో, తమ్ముడో పంపిన అరబ్బీ కాగితాలు అవి. ఒకప్పుడు కవరులో వచ్చేవి, ఇప్పుడు ఫోనులో వస్తున్నాయి. మాకు వచ్చింది మదరసాలో నేర్చుకున్న అరబ్బీ. దఫ్తరు కాగితాల అరబ్బీ తీరు వేరు. అయినా కూడబలుక్కుని చదివి, ఇఖామా గడువు ఎప్పటిదాకా ఉందో, ఆస్పత్రి చీటీలో ఏం రాశారో చెప్పి పంపుతుంటాము.

ఒకనాడు ఒక తల్లి వచ్చింది. కాగితం చదివి చెప్పాం. ఆమె లేవలేదు. "మౌల్వీ సాబ్, కాగితం సంగతి సరే. మావాడికి అక్కడి మాట రాదు. ఒళ్ళు బాగోకపోతే ఏ ఆస్పత్రికి పోవాలో తెలీదు. ఎవడైనా జీతం ఎగ్గొడితే ఎవరితో చెప్పుకోవాలో తెలీదు. ఆ ఊళ్ళో దారి చూపేవాళ్ళు ఎవరైనా ఉంటారా?" అని అడిగింది.

మా దగ్గర వెంటనే జవాబు లేదు. దువా చేస్తామని చెప్పి పంపాం. కాని ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఆమె డబ్బు అడగలేదు, జాలి అడగలేదు. దారి చూపేవాళ్ళు ఉన్నారా అని మాత్రమే అడిగింది. ఐక్యరాజ్య సమితి లెక్క ప్రకారం 2024 నాటికి ప్రపంచంలో 30 కోట్లకు పైగా జనం పుట్టిన దేశం విడిచి మరొక దేశంలో బతుకుతున్నారు. వారిలో ఎవరి తల్లిని కదిలించినా ఇదే ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఎవరు? మన దృష్టిలో ఆ బాధ్యతలో పెద్ద పాలు ఆ ఊరి పురపాలక సంఘానిది, నగర పాలక సంస్థది.

మదీనాలో ఒక మాట

ఈ విషయం తలచుకుంటే ముస్లిం పాఠకులకు మదీనా గుర్తుకు రాకమానదు. క్రీ.శ. 622లో మక్కా నుండి కట్టుబట్టలతో వచ్చిన ముహాజిర్లను, మదీనా వాసులైన అన్సార్లను దైవప్రవక్త (స) జతలు జతలుగా అన్నదమ్ములను చేశారు. అన్సారీ అయిన హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానని తన ముహాజిర్ సోదరుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు చెప్పారు. ఆయన ఆ దాతకు దువా ఇచ్చి, ఆస్తి వద్దన్నారు. మీ బజారు ఎక్కడుందో చూపండి చాలు అన్నారు. చూపారు. ఆయన వెళ్ళి బేరం చేసి ఆ రోజే కొంత నెయ్యి, కొంత ఎండు జున్ను లాభంగా తెచ్చుకున్నారు.

ఈ సంఘటనలో ఇచ్చినవారి ఔదార్యాన్ని మనం తరచుగా చెప్పుకుంటాం. అడిగినవారి మాటను కూడా గమనించాలి. వచ్చినవాడు ఆతిథ్యంకన్నా ముందు కోరేది బజారుకు దారి. అంటే పని, మాట, గుర్తింపు, భద్రత. ఊరి పాలకులు ఈ నాలుగింటికీ దారి చూపిస్తే వలసవచ్చినవాడు తన కాళ్ళమీద తాను నిలబడతాడు. చూపించకపోతే ఊరి మధ్యలో ఉండి కూడా ఊరికి బయటివాడిగానే మిగులుతాడు.

ఎవరి పని ఏది?

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. దేశంలోకి ఎవరు రావచ్చు, ఎన్నాళ్ళు ఉండవచ్చు, ఎవరికి పౌరసత్వం అన్నవి కేంద్ర ప్రభుత్వాలు తేల్చే విషయాలు. వీసా ఇచ్చే అధికారం ఏ మేయరుకూ లేదు. అయితే వీసా మీద ముద్ర వేసిన అధికారి ఆ మనిషిని మళ్ళీ చూడడు. ఆ మనిషి ఇల్లు వెతుక్కునేది ఒక వీధిలో. పిల్లల్ని చేర్చేది ఒక బడిలో. నీళ్ళ బిల్లు కట్టేది ఒక కిటికీ దగ్గర. దొంగతనం జరిగితే పరుగెత్తేది ఒక ఠాణాకు. ఇవన్నీ చాలా దేశాలలో స్థానిక ప్రభుత్వాల చేతిలోనో, వాటి కనుసన్నలలోనో ఉంటాయి. దేశం తలుపు తీసేది రాజధానిలో అయితే, లోపలికి వచ్చినవాడికి చాప వేసేది ఊళ్ళో.

ఆ చాప ఎలా వేయాలో తెలుసుకోవడానికి అమెరికాలోని ఒక మధ్యతరహా నగరం కథ మనకు పనికివస్తుంది.

డేటన్ నగరం కథ

ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే నగరం ఉంది. విమానం కనిపెట్టిన రైట్ సోదరుల సైకిలు దుకాణం ఉన్న ఊరు అది. మన పాఠకులలో పెద్దవారికి ఆ పేరు మరొక విధంగా గుర్తుండవచ్చు. బోస్నియాలో ముస్లింల రక్తం ఏరులై పారిన యుద్ధానికి ముగింపు పలికిన ఒప్పందం 1995 నవంబరులో కుదిరింది ఈ నగరం పక్కనే ఉన్న వైమానిక స్థావరంలో. అందుకే దాన్ని డేటన్ ఒప్పందం అంటారు.

ఒకప్పుడు ఫ్యాక్టరీలతో కళకళలాడిన ఈ నగరం తర్వాత చిక్కిపోయింది. 1960లో అక్కడ 2,62,332 మంది జనం ఉండేవారు. 2010 నాటికి 1,41,527 మంది మిగిలారు. 2008 చివర పొరుగునే ఉన్న జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ మూతపడింది. ఆ మరుసటి ఏడాది, నూరేళ్ళకు పైగా ఆ ఊరి అన్నదాత అయిన ఎన్.సి.ఆర్. కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని జార్జియా రాష్ట్రానికి తరలించింది. వీధుల్లో తాళం వేసిన ఇళ్ళు, పగిలిన కిటికీలు మిగిలాయి. మనుషులు వెళ్ళిపోతే ఊరికి పన్నులు ఉండవు. పన్నులు లేకపోతే దీపాలు ఉండవు.

ఇటువంటి కష్టకాలంలో ఏ ఊరయినా చేసే పని బయటివాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం. ఉన్న నాలుగు ఉద్యోగాలు వాళ్ళు కాజేస్తారని భయపడడం. డేటన్ దీనికి విరుద్ధంగా చేసింది. 2011లో నగరంలోని మానవ సంబంధాల మండలి చొరవతో ఊరిజనాన్ని, వలసవచ్చినవారిని, వ్యాపారులను, పోలీసులను, ఉపాధ్యాయులను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆ చర్చలలోంచి ఒక ప్రణాళిక తయారయింది. దాని పేరు 'వెల్‌కమ్ డేటన్'. 2011 అక్టోబరులో నగర కమిషన్ దానిని ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఆ ప్రణాళికలో నాలుగు భాగాలు ఉన్నాయి. మొదటిది వ్యాపారం, ఆర్థికాభివృద్ధి. రెండవది స్థానిక ప్రభుత్వం, న్యాయ వ్యవస్థ. మూడవది సామాజిక, ఆరోగ్య సేవలు. నాలుగవది సమాజం, సంస్కృతి, కళలు, చదువు. పాఠకులు గమనించాలి, ఇందులో ఎక్కడా దానధర్మాల పద్దు లేదు. బజారుకు, కచేరీకి, ఆస్పత్రికి, బడికి దారులు ఉన్నాయి. 'వెల్‌కమింగ్ అమెరికా' అనే సంస్థ ఊళ్ళ పనితీరును పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి పెట్టినప్పుడు, 2017లో దాన్ని అందుకున్న మొదటి నగరం కూడా డేటనే.

అరవై ఏళ్ళు తిరిగిన జాతి

ఈ ప్రణాళిక కాగితం మీదికి రాకముందే డేటన్‌కు కొందరు అతిథులు రావడం మొదలయింది. వారు అహిస్కా తుర్కులు. మన సోదర ముస్లిములు. వీరి కథ తెలిసినవారు మనలో తక్కువ.

వీరి సొంత ఊళ్ళు జార్జియా దేశంలో, తుర్కీ సరిహద్దున ఉండేవి. 1944 నవంబరులో స్టాలిన్ ఆజ్ఞతో సుమారు లక్షమందిని రైలు పెట్టెల్లో కుక్కి ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్లకు తోలేశారు. చలికి, ఆకలికి వేలమంది దారిలోనూ, చేరిన తర్వాతా చనిపోయారు. 1989లో ఉజ్బెకిస్తాన్‌లోని ఫర్గానా లోయలో వారిమీద దాడులు జరిగాయి. అక్కడినుండి పారిపోయి కొందరు రష్యాలోని క్రాస్నొదార్ ప్రాంతం చేరారు. అక్కడి స్థానిక అధికారులు వారి నివాసాన్ని నమోదు చేయడానికి నిరాకరించారు. నమోదు లేకపోతే చట్టబద్ధమైన ఉద్యోగం లేదు, ఆస్తి కొనే హక్కు లేదు, సరైన పౌరసత్వ కాగితం లేదు. పదిహేనేళ్ళు అలాగే గడిచాయి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. తుపాకీ పట్టి తరమడం ఒక రకం. ఒక గుమాస్తా రిజిస్టరులో పేరు రాయకపోవడం మరొక రకం. రెండవదానిలో రక్తం కనిపించదు. కాని పుట్టిన పిల్లవాడు పదిహేనేళ్ళవాడయ్యేదాకా ఆ ఊరివాడు కాలేకపోతాడు. స్థానిక ప్రభుత్వానికి ఉన్న శక్తి ఎంతటిదో ఇంతకన్నా వేరే రుజువు అక్కరలేదు.

2004 నుండి అమెరికా వీరిలో పదివేలకు పైగా మందిని శరణార్థులుగా తీసుకుని ఎన్నో నగరాలలో సర్దింది. ఆ తర్వాత జరిగిందే విశేషం. చాలా కుటుంబాలు తమంతట తామే ఆ నగరాలు వదిలి డేటన్‌కు వచ్చి చేరాయి. ఎందుకు? ఇళ్ళు చవక. పని దొరుకుతుంది. బంధువులు ఉన్నారు. నగరం తమను పొమ్మనడం లేదు. డేటన్ ఉత్తర భాగంలో తాళాలు పడి ఉన్న పాత ఇళ్ళను కొని, తండ్రీ కొడుకులు కలిసి కప్పులు వేసుకుని, గోడలు కట్టుకుని, తోటలు పెంచుకున్నారు. లారీ రవాణా వ్యాపారంలోకి దిగారు. తమ సమాజ కేంద్రం నిర్మించుకున్నారు. ఇంటిపన్ను కట్టే మనుషులు లేక దిగులుపడ్డ నగరానికి పన్ను కట్టేవారు వచ్చారు. ఎక్కడా పేరు రాయించుకోలేకపోయిన జాతికి ఇంటి పట్టా దొరికింది.

డేటన్ స్వర్గమైపోయిందని మేము చెప్పడం లేదు. 2020 జనగణనలో అక్కడ 1,37,644 మంది తేలారు. జనం తగ్గడం ఆగలేదు, కాని తగ్గే వేగం తగ్గింది. వలసవచ్చినవారు ఊరి రోగాలన్నిటికీ మందు కారు. అయితే ఊరు వారిని భారంగా చూడకపోతే వారు ఊరి భారంలో ఒక కొస మోస్తారు.

కిటికీ దగ్గర మొదటి పది నిమిషాలు

ఇక ఊరి పాలకులు చేయదగిన పనులేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం. ఇవి మా ఊహలు కావు, ఎక్కడో ఒకచోట జరుగుతున్నవే.

మొదటిది భాష. కొత్తగా వచ్చినవాడికి ప్రభుత్వం అంటే కిటికీ అవతల కూర్చున్న గుమాస్తా. ఆ కిటికీ దగ్గర మొదటి పది నిమిషాలలో అతడికి ఈ ఊరు తనదా కాదా అన్నది తెలిసిపోతుంది. కెనడాలోని టొరంటో నగరంలో దాదాపు సగంమంది వేరే దేశాలలో పుట్టినవారే. అక్కడ 311 నంబరుకు ఫోను చేస్తే చెత్తబండి దగ్గరినుండి ఇంటిపన్ను దాకా నగర సేవలన్నిటి గురించీ చెబుతారు. 180కి పైగా భాషలలో దుబాసీ సాయం దొరుకుతుంది. 2013లో ఆ నగర మండలి మరొక నిర్ణయం చేసింది. నగర సేవ కోసం వచ్చినవారిని నీ వలస కాగితాలు ఏవి అని అడగకుండానే సేవ అందించాలని తీర్మానించింది. ఆకలిగొన్నవాడు అన్నశాలకు వస్తే, జబ్బుపడ్డవాడు ఆరోగ్య కేంద్రానికి వస్తే, ముందు చూడవలసింది ఆకలి, జబ్బు.

చాలా ఊళ్ళలో దుబాసీ పని పిల్లల మీద పడుతుంది. తల్లికి వచ్చిన జబ్బు గురించి పదేళ్ళ కూతురు డాక్టరుతో మాట్లాడవలసి వస్తుంది. చెప్పకూడని మాటలు ఆ పసిదాని నోట పలికించవలసి వస్తుంది. జీతం ఇచ్చి ఒక దుబాసీని పెట్టడం ఖర్చు అనుకునేవారు ఈ ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడాలి.

జేబులో ఒక కార్డు

రెండవది గుర్తింపు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ చిన్న నగరం. అక్కడి వలస కూలీలకు గుర్తింపు కార్డు లేక బ్యాంకులో ఖాతా తెరవడం కుదిరేది కాదు. వారం కూలి అంతా జేబులో పెట్టుకుని తిరిగేవారు. ఆ సంగతి దొంగలకు తెలుసు. దోచుకున్నా వీళ్ళు పోలీసుల దగ్గరకు పోరని కూడా తెలుసు. 2007లో ఆ నగరం తన నివాసులందరికీ వర్తించే ఒక కార్డు మొదలుపెట్టింది. పిల్లలూ పెద్దలూ, పౌరులూ కానివారూ అందరికీ ఒకే కార్డు. గ్రంథాలయంలో పుస్తకం తీసుకోవడానికి, బ్యాంకులో ఖాతాకు, పోలీసు అడిగితే పేరు చెప్పుకోవడానికి పనికివచ్చేది. అమెరికాలో ఒక నగరం ఇలాంటి కార్డు ఇవ్వడం అదే మొదలు.

2015లో న్యూయార్క్ నగరం కూడా ఇదే బాట పట్టింది. అక్కడ ఈ కార్డు తీసుకున్నవారు పది లక్షలు దాటారు. ఆ కార్డుకు గ్రంథాలయం, ప్రదర్శనశాలల ప్రవేశం కూడా కలిపారు. దాని వెనుక ఒక తెలివైన ఆలోచన ఉంది. పేదవాడికీ, కాగితాలు లేనివాడికీ మాత్రమే కార్డు ఇస్తే అది ముఖాన మచ్చ అవుతుంది. ఊళ్ళో అందరూ ఇష్టపడి తీసుకునే కార్డయితే దాన్ని చూపినవాడెవడో ఎవరికీ తెలియదు. అందరి కార్డు కావడమే బలహీనుడికి రక్ష.

ఠాణా గడప

మూడవది భద్రత. దెబ్బతిన్నవాడు ఠాణా గడప తొక్కడానికి భయపడితే ఆ ఊళ్ళో నేరస్థుడికి పండుగ. కాబట్టి డేటన్ పోలీసు శాఖ ఒక పద్ధతి పెట్టుకుంది. నేరానికి గురైనవాణ్ణి, సాక్షిని వలస స్థితి గురించి ఆరా తీయరాదు. పెద్ద నేరాలలో అనుమానితుల సంగతి వేరు. ఇది నేరస్థులపై దయ చూపడం కాదు. సాక్షి నోరు తెరిస్తేనే కదా దొంగ దొరికేది! ఈరోజు కొత్తవాడి ఇంట్లో పడిన దొంగ రేపు పాతవాడి ఇంట్లో పడకుండా ఉండడు. వలసవచ్చినవాడి భద్రత, ఊరి భద్రత రెండు వేరు పద్దులు కావు.

మాట చెల్లే చోటు

నాలుగవది, అన్నిటికన్నా పెద్దది, ఊరి వ్యవహారంలో మాట. పన్ను కడుతూ, పిల్లలను అదే బడికి పంపుతూ, అదే వీధి గుంతల్లో పడుతూ, ఆ వీధి గురించి నోరెత్తే హక్కు లేకపోతే మనిషి అద్దెకున్నవాడిలాగానే ఉండిపోతాడు. స్వీడన్ 1976 నుండి, మూడేళ్ళుగా అక్కడ నివసిస్తున్న విదేశీయులకు స్థానిక ఎన్నికలలో ఓటు ఇచ్చింది. పార్లమెంటుకు ఓటు పౌరులదే. ఊరి మండలికి మాత్రం ఊళ్ళో ఉన్నవారిది. ఐర్లాండులో కూడా స్థానిక ఎన్నికలలో ఓటు వేయడానికి పౌరసత్వం అక్కరలేదు, నివాసం ఉంటే చాలు.

దాని ఫలితం ఒకటి చూడండి. 2000 సంవత్సరంలో నైజీరియా నుండి ఆశ్రయం కోరి ఐర్లాండు చేరిన రొటిమి అడెబారి అనే ఆయన పోర్ట్‌లీష్ అనే చిన్న పట్టణంలో కుటుంబంతో స్థిరపడ్డారు. 2004లో పట్టణ మండలికి ఎన్నికయ్యారు. 2007లో ఆ పట్టణ మేయరు అయ్యారు. ఆ దేశంలో మేయరయిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. ఏడేళ్ళ క్రితం ఆ ఊరికి దారి అడిగిన మనిషి, ఆ ఊరికి దారి చూపే కుర్చీలో కూర్చున్నారు. ఓటు ఇచ్చే వీలులేని దేశాలలో కూడా సలహా మండలి పెట్టవచ్చు. నెలకొకసారి కూర్చోబెట్టి వినవచ్చు. వినడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

పాతవారి కష్టం కూడా వినాలి

ఇంతవరకు చెప్పినదంతా వచ్చినవారి గురించి. ఇక ఉన్నవారి మాట. ఇది చెప్పకపోతే మా మాట సగం మాటే అవుతుంది.

డేటన్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే మరో ఊరు ఉంది. 2020లో అక్కడి జనాభా 58 వేల పైచిలుకు. అదీ ఫ్యాక్టరీలు పోయి చిక్కిన ఊరే. తర్వాత కొత్త ఫ్యాక్టరీలు, గిడ్డంగులు వచ్చి పనివారు కావలసివచ్చారు. హైతీ దేశంలో ముఠాల హింస భరించలేక అమెరికా వచ్చినవారు ఈ కబురు విని ఇటు కదిలారు. కొద్ది సంవత్సరాలలోనే 12 నుండి 15 వేలమంది చేరారని నగరం అంచనా వేసింది. వారిలో అత్యధికులు అప్పట్లో చట్టబద్ధమైన అనుమతి మీద ఉన్నవారే. కష్టపడి పనిచేశారు, యజమానులు మెచ్చుకున్నారు.

కాని ఊరు ఒక్కసారిగా నాలుగోవంతు పెరిగితే ఏమవుతుంది? అద్దెలు పెరిగాయి. ఆరోగ్య కేంద్రం ముందు వరుసలు పెరిగాయి. బడిలో దుబాసీలు చాలలేదు. 2023 ఆగస్టులో ఒక హైతీ వ్యక్తి నడుపుతున్న వాహనం బడి బస్సును ఢీకొని ఒక పిల్లవాడు చనిపోయాడు. ఊరి గుండె బరువెక్కింది. ఇళ్ళ కోసం సాయం చేయమని నగర అధికారులు 2024 జూలైలో పైవారికి లేఖ రాశారు.

ఆ సాయం రాకముందే పుకారు వచ్చింది. హైతీవాళ్ళు ఊళ్ళో పెంపుడు కుక్కలను, పిల్లులను తింటున్నారని! అటువంటి నమ్మదగిన ఫిర్యాదు ఒక్కటీ లేదని నగర అధికారులు చెప్పారు. అయినా 2024 సెప్టెంబరు 10న అధ్యక్ష ఎన్నికల చర్చలో డొనాల్డ్ ట్రంప్ నోట ఆ మాట దేశమంతా విన్నది. ఆ తర్వాత ఆ ఊరికి ముప్పైకి పైగా బాంబు బెదిరింపులు వచ్చాయి. అన్నీ ఉత్తవే. అయినా బడులు ఖాళీ చేయించారు, నగర కార్యాలయం మూశారు. అన్ని జాతులూ కలిసి జరుపుకునే వార్షిక ఉత్సవం రద్దయింది. పిల్లల్ని పోలీసు కాపలాలో బడికి పంపవలసి వచ్చింది. ఆ పిల్లల్లో హైతీ పిల్లలే కాదు, తరతరాలుగా ఆ ఊళ్ళో ఉన్నవారి పిల్లలూ ఉన్నారు.

ఆ చీకటిలో రెండు దీపాలు మాత్రం వెలిగాయి. చనిపోయిన పిల్లవాని తండ్రి నగర కమిషన్ ముందు నిలబడి, తమ బిడ్డ మరణాన్ని ద్వేషానికి వాడుకోవద్దని వేడుకున్నారు. కడుపుకోత తిన్న మనిషి నోట వచ్చిన మాట అది. ఊరివాళ్ళలో చాలామంది హైతీవారి హోటలుకు వెళ్ళి వరుసలో నిలబడి భోజనం చేశారు. మేము మీ వెంట ఉన్నాం అని చెప్పడానికి అదొక పద్ధతి.

ఇందులో మనకు కనిపించే పాఠం ఏమిటి? అద్దె పెరిగిందని బాధపడినవాడు ద్వేషి కాడు. ఆస్పత్రి వరుసలో మూడు గంటలు నిలబడిన ముసలమ్మ దుర్మార్గురాలు కాదు. వారి కష్టాన్ని కష్టంగా విని, ఆస్పత్రికి మరో డాక్టరును, బడికి మరో ఉపాధ్యాయుణ్ణి, ఊరికి మరికొన్ని ఇళ్ళను ఇస్తే పుకారుకు ఆనుకోవడానికి గోడ దొరకదు. ఇవ్వకపోతే ఆ కష్టాన్ని ఎవడో వచ్చి తన బేరానికి వాడుకుంటాడు. అందుకే స్వాగతం చెప్పే ఊరు రెండు చెవులతో వినాలి. ఒకటి వచ్చినవాడికి, మరొకటి ఉన్నవాడికి. ఆ ఖర్చు ఊరొక్కటే భరించలేదు. మనుషులను రానిచ్చిన పై ప్రభుత్వం డబ్బు కూడా వెంట పంపాలి.

స్థానిక ప్రభుత్వం శక్తికి హద్దు ఉందని కూడా ఒప్పుకోవాలి. 2025 జనవరిలో ట్రంప్ రెండవసారి పదవి చేపట్టిన రోజునే అమెరికాకు శరణార్థుల రాకను నిలిపివేస్తూ ఆదేశం వెలువడింది. ఏ నగరం ఎంత స్వాగతించినా రాజధానిలో తలుపు మూస్తే మూసినట్టే. కాని ఇప్పటికే వచ్చి ఇల్లు కట్టుకున్నవాడి బతుకు ఎలా ఉండాలన్నది అప్పుడు కూడా చాలావరకు ఊరి చేతిలోనే ఉంటుంది. గాలివాన ఆపే శక్తి మనకు లేకపోవచ్చు, కప్పు బాగుచేసుకునే శక్తి ఉంది.

మన వంతు

ఈ కబుర్లు ఒహాయోవి, ఐర్లాండువి, మనకెందుకు అని కొందరు అనవచ్చు. మన ఇళ్ళలో ఎంతమంది పరదేశంలో లేరు? కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల ఇళ్ళలో గల్ఫ్ వాసన లేని వీధి అరుదు. అమెరికాలో తెలుగు మాట్లాడేవారు లక్షల్లో ఉన్నారు. మన బిడ్డకు అక్కడ ఎవరైనా దారి చూపాలని మనం దువా చేస్తాం. ఆ దువా చేసిన చేతులతో మనం ఇక్కడ ఏం చేస్తున్నామన్నది మనల్ని మనం అడగవలసిన ప్రశ్న.

హైదరాబాదులో బార్కస్ అనే బస్తీ ఉంది. నిజాము సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల బారకాసులు అక్కడ ఉండేవి కాబట్టి ఆ పేరు వచ్చింది. వారి మునిమనుమలు ఇప్పుడు హైదరాబాదీలు. వారిని పరాయివారని ఎవరూ అనుకోరు. ఒకనాటి ముసాఫిర్ తర్వాతి తరంలో మొహల్లావాడు అవుతాడనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

ఈ రోజు మన ఊళ్ళకు వస్తున్నవారు ఎక్కువగా వేరే దేశంవారు కారు, వేరే రాష్ట్రాలవారు. ఇటుకబట్టీలలో ఒడిశా కుటుంబాలు, కట్టడాల మీద బీహారు కుర్రవాళ్ళు కనిపిస్తారు. వారు ఈ దేశ పౌరులే, వారికి వీసా అక్కరలేదు. అయినా మన పురపాలక కార్యాలయంలో, సర్కారు ఆస్పత్రి ఓపీ చీటీ దగ్గర వారి పరిస్థితి ఆ తల్లి చెప్పిన కొడుకు పరిస్థితే. తెలుగు రాదు. బోర్డు చదవలేరు. ఏ కిటికీకి పోవాలో తెలియక ఒక పూట కూలి పోగొట్టుకుని తిరిగిపోతారు.

ఇక్కడ మన పాఠకులకు ఒక ప్రత్యేకమైన అవకాశం ఉంది. మనలో చాలా ఇళ్ళలో తెలుగుతో పాటు ఉర్దూ కూడా ఉంది. మన ఉర్దూ ఆ బీహారు కుర్రవాడికి అర్థమవుతుంది. అతడి హిందీ మనకు అర్థమవుతుంది. అల్లాహ్ మనకు ఇచ్చిన ఈ రెండు నాలుకలను ఏ పనికి వాడుతున్నాం? చదువుకున్న మన యువకులు నలుగురు కలిసి వారానికి ఒక పూట ఆస్పత్రి ఓపీ దగ్గర కూర్చుని మాట తర్జుమా చేయవచ్చు. వార్డు కౌన్సిలరును కలిసి, కార్యాలయంలో హిందీలో కూడా ఒక బోర్డు పెట్టించమని అర్జీ ఇవ్వవచ్చు. బడి ఈడు పిల్లలున్న కూలి కుటుంబాన్ని చేయి పట్టుకుని సర్కారు బడి దాకా తీసుకువెళ్ళవచ్చు. అతడు ముస్లిమా కాదా అని చూడనక్కరలేదు. దారి అడిగినవాణ్ణి మతం అడగడం మన పెద్దలు మనకు నేర్పలేదు.

ఇంటి ముందు 'ఖుషామదీద్' అని అట్ట కట్టినంత మాత్రాన స్వాగతం అయిపోదు. గుమాస్తా ఓపికగా చెప్పిన మాటలో, కాగితం మీద అతడి భాషలో రాసిన ఒక్క వాక్యంలో, ఠాణాలో వేసిన కుర్చీలో ఆ స్వాగతం ఉంటుంది.

ఆ తల్లి మళ్ళీ ఒక జుమా రోజు వస్తుంది, మరో కాగితం తెస్తుంది. ఈసారి ఆమెకు చెప్పడానికి మా దగ్గర ఒక మాట ఉంది. "అమ్మా, దారి చూపే ఊళ్ళు దునియాలో కొన్ని ఉన్నాయి. నీ కొడుకున్న ఊరు అటువంటిదో కాదో మేము చెప్పలేం. మన ఊరు మాత్రం అటువంటిది కావాలని పూనుకున్నాం. రేపు సర్కారు ఆస్పత్రి దగ్గర మా విద్యార్థులు ఇద్దరు కూర్చుంటారు. నీకు వీలైతే నీవూ రా. నీ కొడుకు వయసువాళ్ళు అక్కడ చాలామంది కనిపిస్తారు."